వ్యవసాయ రాయితీలు – లబ్ధిదారుల వివరాల వెల్లడి

ప్రభుత్వ ఖజానా నుంచి రైతులకు వెళ్లే సొమ్ము ఎవరికి, ఎంత, ఏ లెక్కన అందిందో పౌరులెవరైనా చూసుకునేలా ప్రకటించడం ఇప్పుడు చాలా దేశాల్లో చట్టబద్ధమైన బాధ్యత. అమెరికాలో ఈ జాబితాల కోసం పట్టుబట్టడం 1930లలోనే మొదలైంది. ఐరోపా సమాఖ్యలో 2004 తర్వాత ఊపందుకుంది. భారతదేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం దీన్ని ప్రతి ప్రభుత్వ కార్యాలయానికీ విధిగా చేసింది. ఎక్కడా ప్రభుత్వాలు ముచ్చటపడి చేసిన పని కాదిది. విలేఖరులు, పౌర సంఘాలు, అప్పుడప్పుడూ చట్టసభల సభ్యులు వెంటపడగా జరిగింది. పైగా జాబితాలో ఏం కనిపిస్తుందన్నది అధికారుల చిత్తశుద్ధి కన్నా రాయితీ ఏ రూపంలో ఇస్తున్నారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఎకరాల లెక్కన ఇచ్చే డబ్బు జాబితాలో భూమి ఉన్నవాడి పేరు వస్తుంది. దున్నేవాడి పేరు రావాలన్న నియమం లేదు.

పేర్లున్న డబ్బు, పేర్లు లేని డబ్బు

వ్యవసాయానికి ప్రభుత్వం పెట్టే ఖర్చులో పేర్లతో సహా లెక్క తేలేది కొంతే. పంటకు మద్దతు ధర ఇస్తే ప్రయోజనం ధరలోనే కలిసిపోతుంది. బజారు ధరకూ మద్దతు ధరకూ మధ్య తేడా ఎవరికెంత మిగిలిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఎరువులది మరో దారి. 45 కిలోల యూరియా బస్తాను రైతు రూ.266.50కు కొంటాడు. అసలు ఖర్చులో మిగతాది కేంద్రం కంపెనీకి చెల్లిస్తుంది. 2018 నుంచి దేశమంతటా దుకాణంలోని ఈ-పాస్ యంత్రంలో అమ్మకం నమోదైతేనే కంపెనీకి ఆ బస్తా తాలూకు సబ్సిడీ వస్తోంది. కాబట్టి కొన్నవారి వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నట్టే. అయితే వేలిముద్ర వేసింది రైతో, కూలీయో, దుకాణదారు బంధువో యంత్రానికి తెలియదు. 2022-23లో ఎరువుల సబ్సిడీ రూ.2.5 లక్షల కోట్లు దాటింది. రైతుల ఖాతాల్లో నగదు వేసే పీఎం కిసాన్ పథకం కింద ఏడాదికి అయ్యే ఖర్చు సుమారు రూ.60 వేల కోట్లు. ఊరూరా పేర్లు ప్రకటించే పథకం కన్నా పేర్లు ప్రకటించని పథకం నాలుగు రెట్లు పెద్దదన్న మాట.

ఉచిత విద్యుత్తు లెక్క ఇంకా మసకగా ఉంటుంది. 2004 మే 14న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి మొదటి సంతకం చేసింది ఆ ఫైలు మీదే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఈ సబ్సిడీని ప్రభుత్వం పంపిణీ సంస్థలకు గుత్తంగా కడుతుంది. చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నమూనా లెక్క తీసి, దాన్నిబట్టి మొత్తం వాడకాన్ని అంచనా కడతారు. అయిదు హార్స్‌పవర్ మోటారున్న రైతుకూ, నాలుగు బోర్లున్న రైతుకూ ఏడాదికి ఎంతెంత ముట్టిందో విడమరిచి చెప్పగల కాగితం లేదు. బోరే లేని మెట్ట రైతుకు సున్నా అని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

నేరుగా ఖాతాలో వేసే నగదుకు ఈ చిక్కు లేదు. పేరు, మొత్తం, తేదీ, బ్యాంకు – నాలుగూ నమోదవుతాయి. అందుకే బహిరంగతపై జరిగిన చర్చంతా నగదు పథకాల చుట్టూనే తిరిగింది.

అమెరికా అనుభవం

అమెరికాలో సమాఖ్య ప్రభుత్వం రైతులకు పెద్దయెత్తున డబ్బు పంచడం 1933 వ్యవసాయ సర్దుబాటు చట్టంతో మొదలైంది. మహామాంద్యం నాటి ధరల పతనాన్ని ఆపడానికి, విస్తీర్ణం తగ్గించుకున్న రైతులకు పరిహారమిచ్చారు. మూడేళ్లు తిరక్కముందే, 1936లో, మిషిగన్ సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ భారీ చెల్లింపులు పొందినవారి జాబితా బయటపెట్టాలని పట్టుబట్టారు. చిన్న రైతు పేరు చెప్పి పెద్ద కంపెనీలకు సొమ్ము పోతోందన్నది ఆయన అనుమానం. ఆ అనుమానం తర్వాతి తొంభై ఏళ్లలో ఎప్పుడూ పూర్తిగా తీరలేదు.

1960ల చివరికి కాలిఫోర్నియాలోని జె.జి.బాస్‌వెల్ పత్తి కంపెనీకి ఒక్క ఏడాదిలో 40 లక్షల డాలర్లకు పైగా ముట్టిన సంగతి వెల్లడై గగ్గోలు రేగింది. దాంతో 1970 చట్టం మొదటిసారి పరిమితి పెట్టింది: ఒక్కొక్కరికి పంటకు 55 వేల డాలర్లు. పరిమితి రాగానే కమతాలు కాగితం మీద ముక్కలయ్యాయి. భార్య, కొడుకులు, అల్లుళ్లు, భాగస్వామ్య సంస్థలు, వాటిలో మళ్లీ భాగస్వాములు. కొమ్మలు కొమ్మలుగా విస్తరించే ఈ అమరికకు అక్కడ ‘మిసిసిపి క్రిస్మస్ చెట్టు’ అని పేరే పడింది. మన దగ్గర 1970లలో భూసంస్కరణలప్పుడు గరిష్ఠ పరిమితిని తప్పించుకోవడానికి నడిచిన పంపకాలు గుర్తున్నవారికి ఇది కొత్త విద్యేమీ కాదు.

పేర్లు ప్రజలకు చేరడానికి న్యాయస్థానం కావలసి వచ్చింది. పత్తి మద్దతు చెల్లింపులు పొందినవారి పేర్లు ఇవ్వాలని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక వేసిన దావాలో 1996లో సమాఖ్య కోర్టు పత్రిక పక్షాన తీర్పిచ్చింది. తర్వాత ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే పౌర సంస్థ వ్యవసాయ శాఖ నుంచి లక్షలాది చెల్లింపుల దస్త్రాలు సంపాదించి 2001లో ఇంటర్నెట్‌లో పెట్టింది. ఊరు పేరో, పిన్‌కోడో కొడితే అక్కడ ఎవరికెంత వచ్చిందో కనిపించేది. రైతులు తమ పేర్ల కన్నా ముందు పక్క పొలం వాళ్ల పేర్లే వెతికి ఉంటారని ఊహించడం కష్టం కాదు. మొత్తం సొమ్ములో మూడింట రెండొంతులు పైవరుసలోని పదోవంతు మందికే చేరుతోందన్న లెక్క 2002 వ్యవసాయ బిల్లు చర్చల్లో ప్రతి నోటా నానింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు స్కాటీ పిపెన్, బ్యాంకరు డేవిడ్ రాక్‌ఫెల్లర్ వంటివారి పేర్లు జాబితాలో కనబడటం పత్రికలకు పండగైంది.

జాబితాల అసలు ఉపయోగం మాత్రం ప్రముఖుల పేర్లలో లేదు. చనిపోయినవారి పేర్లలో ఉంది. ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2007లో వ్యవసాయ శాఖ చెల్లింపులను మరణ నమోదులతో సరిపోల్చి చూసింది. 1999 నుంచి 2005 వరకు 1,72,801 మంది మృతుల పేర్ల మీద 110 కోట్ల డాలర్లు వెళ్లినట్టు తేలింది. అందులో నలభై శాతం, చనిపోయి మూడేళ్లు దాటినవారి పేరిట వెళ్లిన సొమ్మే. ఇదంతా దొంగ సొమ్మేనని అనలేం. వారసత్వ ఆస్తి పంపకం తేలేదాకా రెండేళ్లపాటు మృతుల ఎస్టేటుకు చెల్లించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ గడువు దాటాక ఎస్టేటు ఇంకా ఎందుకు తెరిచి ఉందని అడగవలసిన కార్యాలయాలు చాలాచోట్ల అడగలేదన్నదే నివేదిక పట్టిన తప్పు.

తర్వాత రెండు అడుగులు వెనక్కి పడ్డాయి. 2008 వ్యవసాయ చట్టంలోని 1619వ సెక్షన్, రైతులిచ్చే పొలం వివరాలను, సర్వే పటాల సమాచారాన్ని రహస్యం చేసింది. చెల్లింపులు, పేర్లు మాత్రం బహిరంగంగానే మిగిలాయి. రెండో అడుగు పెద్దది. ఏటా సుమారు 500 కోట్ల డాలర్ల ప్రత్యక్ష చెల్లింపులను 2014 చట్టం ఎత్తేసి, పంటల బీమా ప్రీమియం రాయితీకి ప్రాధాన్యం పెంచింది. బీమా తీసుకున్న రైతుల పేర్లు వెల్లడించరాదని అక్కడి పంటల బీమా చట్టమే చెబుతోంది. జాబితా ఉన్న పద్దు తగ్గి, జాబితా లేని పద్దు పెరిగింది. వెల్లడికి భయపడి డబ్బు దారి మార్చారని రుజువు చేయలేం. ఫలితం మాత్రం అదే.

ఐరోపా: వెల్లడి, తీర్పు, మళ్లీ వెల్లడి

ఐరోపా ఉమ్మడి వ్యవసాయ విధానం 1962లో మొదలైంది. ఇప్పటికీ సమాఖ్య బడ్జెట్‌లో దాదాపు మూడోవంతు దానికే పోతుంది. 2021–27 కాలానికి కేటాయింపు సుమారు 38,700 కోట్ల యూరోలు. మొదట్లో అదంతా ధరల మద్దతే. వెన్న కొండలు, పాల చెరువులు అని పత్రికలు వెక్కిరించేంతగా నిల్వలు పేరుకుపోయాక, 1992 సంస్కరణ ధరలు తగ్గించి రైతులకు నేరుగా డబ్బివ్వడం మొదలుపెట్టింది. 2003 సంస్కరణతో ఏం పండించారన్నదానితో నిమిత్తం లేకుండా చెల్లించే పద్ధతి వచ్చింది, అది క్రమంగా హెక్టారు లెక్కకు మారింది. పేరు, మొత్తం నమోదయ్యే వ్యవస్థ అలా అనుకోకుండా తయారైంది.

తలుపు తెరిచింది డెన్మార్క్. అక్కడి విలేఖరుల పట్టుదల వల్ల 2004లో ఆ దేశం లబ్ధిదారుల వివరాలిచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్ వంతు. సమాచార స్వేచ్ఛ చట్టం 2005 జనవరి 1న అమల్లోకి రాగానే దరఖాస్తులు పడ్డాయి, మార్చిలో జాబితా వెలువడింది. వ్యవసాయ సాయం అందుకున్నవారిలో సాండ్రింగ్‌హామ్ ఎస్టేట్ పేరిట రెండో ఎలిజబెత్ రాణి ఉన్నారు. పెద్ద పెద్ద ప్రభువుల జమీనులున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది ఒక చక్కెర కంపెనీ, టేట్ అండ్ లైల్. చక్కెర ఎగుమతులకిచ్చే వాపసు రూపంలో దానికి ఒక్క ఏడాదిలో పది కోట్ల పౌండ్లకు పైగా ముట్టింది. అదే సంవత్సరం నెదర్లాండ్స్ జాబితాలో సాక్షాత్తూ వ్యవసాయ మంత్రి కేస్ వేర్మన్ కనిపించారు. మంత్రి రైతు కావడం నేరం కాదు. రాయితీ నిబంధనలపై బ్రస్సెల్స్‌లో చర్చలు జరిపే మనిషికి ఆ రాయితీ ఎంత వస్తోందో ఓటర్లకు తెలియకపోవడమే ఇబ్బంది.

జాక్ థర్‌స్టన్, నిల్స్ మూల్వాడ్, బ్రిగిట్టె ఆల్ఫ్టర్ కలిసి 2005లో ‘ఫార్మ్‌సబ్సిడీ.ఆర్గ్’ వెబ్‌సైట్ నెలకొల్పారు. ఒక్కో దేశంలో దరఖాస్తులు వేసి, వచ్చిన దస్త్రాలను ఒకే నమూనాలోకి మార్చి పెట్టడం వాళ్ల పని. అప్పటి ఐరోపా కమిషన్ సభ్యుడు సీమ్ కల్లాస్ చేపట్టిన పారదర్శకత కార్యక్రమం కూడా తోడై, 2007లో సమాఖ్య నిబంధన మారింది. ప్రతి సభ్యదేశమూ లబ్ధిదారుల పేర్లు, మొత్తాలు 2009 ఏప్రిల్ 30లోగా ప్రకటించాలన్నారు. జర్మనీలో బవేరియా రాష్ట్రం ససేమిరా అంది. కమిషన్ చర్యలు తీసుకుంటానని హెచ్చరించాక, కొన్ని నెలలు ఆలస్యంగా దిగివచ్చింది.

అంతలో వ్యవహారం కోర్టుకెక్కింది. హెస్సె రాష్ట్రంలోని ఒక వ్యవసాయ భాగస్వామ్య సంస్థ, ఒక రైతు, తమ వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టవద్దని వీస్‌బాడెన్ కోర్టుకు వెళ్లారు. ఆ కోర్టు ప్రశ్నను ఐరోపా న్యాయస్థానానికి నివేదించింది. 2010 నవంబరు 9న వెలువడిన తీర్పు ఈ రంగంలో ఇప్పటికీ మూలస్తంభం. పన్నుల సొమ్ము ఎటు పోతోందో తెలుసుకోవడం సరైన లక్ష్యమేనని న్యాయస్థానం ఒప్పుకుంది. కానీ ఎంత మొత్తం, ఎన్నిసార్లు, ఎంతకాలం, ఏ రకం సాయం అన్న తేడాలేవీ చూడకుండా వ్యక్తులందరి పేర్లూ ఒకే గాటన ప్రకటించడం అవసరానికి మించిన చొరబాటని తేల్చింది. వ్యక్తుల వరకు నిబంధన చెల్లదంది. కంపెనీలకు మాత్రం ఆ రక్షణ ఇవ్వలేదు.

రాత్రికి రాత్రి లక్షల పేర్లు వెబ్‌సైట్ల నుంచి మాయమయ్యాయి. మూడేళ్లు అలా గడిచాక, 2013 నిబంధన కోర్టు చెప్పినదాన్ని పాటిస్తూనే పేర్లను తిరిగి తెచ్చింది. చిన్న మొత్తాలు, గరిష్ఠంగా 1,250 యూరోల వరకు పొందినవారి పేరుకు బదులు ఒక సంకేతం వేస్తారు. అంతకు మించితే పేరు, మునిసిపాలిటీ, మొత్తం, ఏ పద్దు కిందో ఆ వివరణ, అన్నీ బహిరంగమే. వివరాలు రెండేళ్లు ఇంటర్నెట్‌లో ఉంచాలి. ఆ తర్వాత తీసేస్తారు కాబట్టి పాత లెక్కలు భద్రపరిచే బాధ్యత పౌర సంస్థల మీదే పడింది. చిన్న రైతు గౌరవాన్నీ, పెద్ద మొత్తాల లెక్కనూ ఒకే గీతతో విడదీసిన ఈ ఏర్పాటు, ఇప్పటివరకు వచ్చినవాటిలో మేలైనదని చెప్పవచ్చు.

మేలైనదే, చాలినది మాత్రం కాదు. జాబితాలో కంపెనీ పేరుంటుంది, దాని వెనుక యజమాని ఉండడు. చెక్ రిపబ్లిక్ ప్రధానిగా ఉన్న కాలంలో ఆంద్రేయ్ బాబిష్, తాను ట్రస్టులకు అప్పగించానన్న అగ్రోఫెర్ట్ సంస్థపై పట్టు వదల్లేదని, అది స్వప్రయోజనాల ఘర్షణేనని కమిషన్ ఆడిట్ తేల్చింది. హంగరీ, చెక్ వంటి దేశాల్లో అధికారంలో ఉన్నవారికీ వారి సన్నిహితులకూ భూములు, వాటితోపాటు రాయితీలు ఎలా చేరుతున్నాయో 2019 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ వివరంగా రాసింది. స్లొవేకియాలో యాన్ కుట్సియాక్ అనే 27 ఏళ్ల విలేఖరి, ఇటలీ మాఫియాతో సంబంధాలున్నవారు ఐరోపా వ్యవసాయ నిధులు ఎలా దక్కించుకుంటున్నారో పరిశోధిస్తుండగా 2018 ఫిబ్రవరిలో కాబోయే భార్యతో సహా హత్యకు గురయ్యాడు. అతని ఆఖరి కథనం అసంపూర్తిగానే అచ్చయింది. ఆ హత్యపై ఎగసిన నిరసనలకు ప్రధాని రాబర్ట్ ఫిట్సో రాజీనామా చేయవలసి వచ్చింది.

తాజా ఉదంతం గ్రీసుది. తమవి కాని పచ్చిక బయళ్లను, మందలో లేని గొర్రెలను చూపించి ఏళ్ల తరబడి రాయితీలు తీసుకున్న వ్యవహారాన్ని ఐరోపా ప్రాసిక్యూటర్ కార్యాలయం బయటికి లాగింది. చెల్లింపుల సంస్థ ఓపెకెపెపై పడిన ఈ మచ్చ 2025 జూన్‌లో మంత్రుల రాజీనామాలదాకా వెళ్లింది. పర్యవేక్షణ లోపాలకు కమిషన్ 39 కోట్ల యూరోలకు పైగా కోత విధించింది. పేర్లు, మొత్తాలు ప్రకటించే నిబంధన అక్కడ అన్నేళ్లూ అమల్లోనే ఉంది. పేరు పక్కన ఏ బీడు చూపించారో కూడా ఉంటే, ఆ ఊరి కాపరులే మొదటి ఏడాదే పట్టుకునేవారు.

భారత చట్టం, పీఎం కిసాన్

సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) సెక్షన్ పన్నెండో అంశం ఈ విషయంలో చాలా సూటిగా ఉంటుంది. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ సంస్థా ప్రచురించాలి. ఈ నిబంధన వెనుక రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జరిపిన బహిరంగ విచారణలున్నాయి. పంచాయతీ పనుల మస్టర్లు జనం మధ్య చదువుతుంటే, ఆ పనికి తాను పోనేలేదని మనుషులు లేచి నిలబడేవారు.

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో మొదలైంది. భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి రూ.6,000, మూడు విడతలుగా. ఆదాయపు పన్ను కట్టేవారు, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు, నెలకు రూ.10 వేలు ఆపైన పింఛను తీసుకునేవారు, డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్ల వంటి వృత్తుల్లో ఉన్నవారు అనర్హులు. గ్రామస్థాయిలో జాబితా ప్రకటించాలని మార్గదర్శకాల్లోనే రాశారు. పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే జాబితా తెరుచుకుంటుంది కూడా. వరుస సంఖ్య, పేరు, స్త్రీయా పురుషుడా. అంతే. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. ఊళ్లో వెంకటేశ్వర్లు నలుగురుంటే ఏ వెంకటేశ్వర్లుకు పడిందో తేల్చుకోవడం చదివేవాడి తెలివితేటలకే వదిలేశారు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎన్ని విడతలు అందాయన్నది అందులో లేవు.

ఇంత పలచని జాబితా మోసాన్ని ఆపలేదు. 2020లో తమిళనాడులో దాదాపు 5.5 లక్షల మంది అనర్హుల ఖాతాల్లో రూ.110 కోట్లు పడ్డాయి. అధికారుల లాగిన్ పాస్‌వర్డులు దళారుల చేతికి చిక్కాయని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. 2021 జనవరిలో సమాచార హక్కు కింద కార్యకర్త వెంకటేశ్ నాయక్ సంపాదించిన జవాబు దేశవ్యాప్త లెక్క చెప్పింది: 20.48 లక్షల మంది అనర్హులకు రూ.1,364 కోట్లు. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లే. ఆధార్ అనుసంధానం, ఈ-కేవైసీ వచ్చాక ఏరివేత జోరందుకుంది. దాంతోపాటు వేలిముద్ర పడని ముసలి రైతులు, బ్యాంకు ఖాతాకు ఆధార్ లంకె తెగినవాళ్లు కూడా విడత కోసం మీసేవల చుట్టూ తిరగడం మొదలైంది. తీసేసిన పేరు పక్కన ఎందుకు తీశారో రాసే అలవాటు ఇంకా రాలేదు.

తెలుగు రాష్ట్రాల్లో

తెలంగాణ రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో మొదలైనప్పుడు, ఎకరానికి సీజనుకు రూ.4,000 చొప్పున చెక్కులిచ్చారు. ఊరి మధ్య షామియానా, బల్ల మీద కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు, పేరు పిలిస్తే లేచి వచ్చి అందరి ముందూ చెక్కు తీసుకోవడం. ఎవరూ అలా అనుకోకపోయినా, లబ్ధిదారుల వివరాలు ఊరందరికీ తెలిసింది ఆ ఒక్క సీజనులోనే. అదే ఏడాది యాసంగి నుంచి డబ్బు నేరుగా ఖాతాల్లోకి మారింది. ఎకరంలోపు వాళ్లకు పడ్డయట, రెండెకరాల వాళ్లకు ఎల్లుండి పడతయట అన్న మాటలే ఆ తర్వాత సమాచారం. సాయం తర్వాత రూ.5,000కు పెరిగింది.

ఆ పథకానికి ఎకరాల పరిమితి లేదు. రెండెకరాల రైతుకు ఏడాదికి రూ.20 వేలు వస్తే, యాభై ఎకరాల ఆసామికి రూ.5 లక్షలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పట్టాదారుకూ, డాలస్‌లో స్థిరపడిన పట్టాదారుకూ అడ్డేమీ లేదు. లబ్ధిదారుల్లో అత్యధికులు అయిదెకరాల లోపువారేనన్న ప్రభుత్వ వాదన నిజం. పైవరుసలో ఉన్న కొద్దిమందికి ఎంత పోయిందన్న ప్రశ్న దాంతో తీరదు. ఐరోపా తరహాలో ఫలానా మొత్తం దాటినవారి పేర్లు ప్రకటించి ఉంటే చర్చ ఊహాగానాల మీద నడిచేది కాదు. ప్రభుత్వం మారాక పథకం రైతు భరోసాగా, ఎకరానికి ఏడాదికి రూ.12 వేలుగా 2025 జనవరి 26న మొదలైంది. దానికి ముందు ఆ నెలలోనే గ్రామసభలు పెట్టి, సాగుకు పనికిరాని భూముల వివరాలు చదివి వినిపించారు. లేఅవుట్లుగా మారిన పొలాలు, రాళ్లగుట్టలు, రోడ్డు కిందపోయిన గుంటలు అన్నేళ్లూ పంట భూములుగా డబ్బు తీసుకున్న సంగతి అలా బయటపడింది. చాలాచోట్ల సభలు రసాభాస అయ్యాయి. జనం కోపం ఎక్కువగా రేషన్ కార్డులు, ఇళ్ల జాబితాల మీద. అయినా జాబితాను పేరుపేరునా చదివితే ఊరు ఎలా స్పందిస్తుందో అక్కడ కనిపించింది.

రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద లోటు కౌలు రైతుది. తెలంగాణ రైతుబంధు పట్టాదారుకే పరిమితమని అప్పటి ప్రభుత్వం దాపరికం లేకుండా చెప్పింది. కౌలుదారు కౌలు ముందే కట్టి, పెట్టుబడి అప్పు తెచ్చి, పంట పోతే నష్టమూ మోస్తాడు. పెట్టుబడి సాయం మాత్రం యజమాని ఫోనుకు సందేశంగా వస్తుంది. జాబితాను ఎంత తనిఖీ చేసినా ఇందులో అక్రమం దొరకదు. నిబంధన ప్రకారమే జరిగింది కాబట్టి. అందుకే ‘అనర్హులు ఎందరు’ అన్న ప్రశ్నతోనే ఆగిపోయే ఆడిట్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. 2019 అక్టోబరు 15న నెల్లూరు జిల్లాలో మొదలైన వైఎస్సార్ రైతు భరోసా కేంద్ర సాయంతో కలిపి ఏడాదికి రూ.13,500 ఇచ్చింది. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు మొత్తం రాష్ట్రమే భరించింది. అందుకు పంట సాగుదారు హక్కుల కార్డు కావలసి వచ్చేది, దానికి యజమాని సంతకం ఉండాల్సి వచ్చేది. సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు వెనకాడారు. అర్హుల జాబితాలు రైతు భరోసా కేంద్రాల గోడలకు అంటించి అభ్యంతరాలు తీసుకునేవారు. ఆ కేంద్రాలే ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు. ఆ పథకం స్థానంలో వచ్చిన అన్నదాత సుఖీభవ కింద 2025 ఆగస్టు 2న తొలి విడతగా, పీఎం కిసాన్ రూ.2,000తో కలిపి రూ.7,000 చొప్పున దాదాపు 47 లక్షల మందికి జమచేశారు. ఏడాదికి మొత్తం రూ.20 వేలు లక్ష్యం. గోడకంటించిన జాబితా వానకు తడిసి ఊడిపోయేదాకా ఉంటుంది. కిందటేడాది జాబితా ఇవ్వమంటే ఇచ్చే చోటు ఊళ్లో ఉండదు.

నిజానికి దీన్ని ఎలా చేయాలో దేశానికి నేర్పింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీని 2006 నుంచి రాష్ట్రవ్యాప్తంగా నడిపి, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీ ఏర్పాటు చేసింది. తనిఖీ బృందం ఊళ్లోనే బస చేస్తుంది. మస్టరు ప్రతి పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. ‘ఈ ఆరు రోజులు పనికి పోయినవా? ఎంత ముట్టింది?’ అని అడిగి రాసుకుంటుంది. గ్రామసభలో చదువుతుంది, చివరికి మండల ప్రజావేదికలో అధికారుల ముందు పెడుతుంది. నకిలీ హాజరు దొరికితే రికవరీ రాస్తారు. ఇదే పద్ధతిని పెట్టుబడి సాయానికి పూర్తిస్థాయిలో అమలు చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఈ-పంట నమోదులో సాగుదారు పేరు, సర్వే నంబరు, పంట ఉన్నాయి. చెల్లింపుల జాబితాలో పట్టాదారు పేరు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఊళ్లో చదివితే చాలు, ఏ చెలకకు డబ్బు ఎవరికి పోతోందో, నాగలి ఎవరు పడుతున్నారో బయటపడుతుంది.

గోప్యత మాట

పేర్లు ప్రకటిస్తే రైతు పరువేమవుతుందన్న వాదనను కొట్టిపారేయలేం. ఊళ్లో ఎవరికెంత భూమి ఉందో అందరికీ తెలుసు, కానీ ఊరికి తెలియడం వేరు, ప్రపంచమంతా వెతుక్కోగలగడం వేరు. పీఎం కిసాన్ పేరుతో నకిలీ యాప్ లింకులు వాట్సాప్‌లో పంపి ఖాతాలు ఊడ్చేసే ముఠాల గురించి పోలీసులు పలుమార్లు హెచ్చరించారు. అందుకు మందు పేర్లు దాచడంలో లేదు. ఆధార్, ఫోను, ఖాతా నంబర్లు దాచడంలో ఉంది. మన పోర్టళ్లలో జరిగింది తలకిందులు. విస్తీర్ణం, మొత్తం వంటి జనానికి కావలసిన వివరాలు కనిపించవు. జాగ్రత్తగా దాచవలసిన ఆధార్ వివరాలు మాత్రం రకరకాల ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి బయటపడిన సందర్భాలున్నాయి.

సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దాని వెనుక వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తన 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనముంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి పోయింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ‘ఇది వ్యక్తిగతం’ అన్న ఒక్క ముక్కతో దరఖాస్తు తిప్పి పంపడం ఇక తేలికని సమాచార హక్కు కార్యకర్తల భయం. ప్రభుత్వం చెప్పే సమాధానం 8(2) సెక్షన్. నష్టం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న ఆ సెక్షన్‌ను ముట్టుకోలేదు. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు తామంతట ప్రచురించాలన్న 4(1)(బి) పన్నెండో అంశాన్నీ ముట్టుకోలేదు.

మీ ఊరి లెక్క కావాలంటే ఆ రెండు సెక్షన్లనూ దరఖాస్తులో రాయండి. గ్రామం, సీజను, పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చెల్లించిన మొత్తం, ఈ-పంటలో నమోదైన సాగుదారు పేరు అని విడివిడిగా అడగండి. ఆధార్, ఖాతా నంబర్లు అక్కర్లేదని మీరే రాసేయండి, అభ్యంతరానికి సందుండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన రుసుముల నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆపైన రూ.10. జవాబు గడువు 30 రోజులు.